ఇంట్లో వాళ్ల నుంచి చంటిబిడ్డకు పడిశం, జ్వరం ఎలా అంటుతున్నాయి?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

అందరికీ నమస్కారం. మా పాపకు ఈ రోజుతో 52 రోజులు. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాముల బరువు ఉంది, ఏ ఇబ్బందీ లేదు. యు.కె.జి. చదువుతున్న మా పెద్దబాబు ఒక సోమవారం బడి నుంచి ముక్కు కారుతూ వచ్చాడు. మరుసటి రోజుకు కొద్దిగా దగ్గు మొదలైంది కానీ, జ్వరం లేదు, ఆటలు మానలేదు కనుక మేమెవ్వరమూ దానిని పట్టించుకోలేదు. శుక్రవారం రాత్రి పాపకు ముక్కు మూసుకుపోయింది. శనివారం దగ్గు వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున డొక్కలు ఎగరేస్తూ పాలు తాగడం మానేసింది. కడపకు తీసుకువెళితే 5 రోజులు ఆసుపత్రిలో ఉంచారు, అందులో 2 రోజులు ఆక్సిజన్ మీదే ఉంది. వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాలు వాచాయని, దీనిని బ్రాంకియోలైటిస్ అంటారని వైద్యులు చెప్పారు. ఇప్పుడు ఇంటికి వచ్చింది, బాగానే ఉంది.

అయితే ఇంట్లో నేను మాట పడుతున్నాను. బాలింతగా ఉండి పథ్యం సరిగా చేయలేదని, ఒక పూట మజ్జిగన్నం తిన్నానని, తలకు పోసుకుని ఫ్యాను కింద కూర్చున్నానని, ఆ చలువంతా పాల ద్వారా బిడ్డకు దిగిందని మా అత్తగారు, మా అమ్మ ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. వాళ్ల ప్రేమను నేను శంకించడం లేదు, ఆసుపత్రిలో రాత్రంతా మేలుకుని కూర్చున్నది వాళ్లిద్దరే. అసలు జబ్బు ఏ దారిన వచ్చిందో తెలిస్తే ఆ దారి మూయవచ్చు కదా అన్నదే నా ఆరాటం. పైగా వచ్చే నెల నామకరణం పెట్టుకున్నాము, కనీసం 60 మంది బంధువులు వస్తారు. ఏమి చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

కడప నర్సమ్మ (కడప):

పెన్నాతీరం గారూ, ముందు మీ మనసులోని బరువు దించుకోండి తల్లీ. మజ్జిగన్నం వల్ల, తలస్నానం వల్ల, ఫ్యాను గాలి వల్ల బ్రాంకియోలైటిస్ రాదు. చలువ పాలలోకి దిగదు. మీ పాలలో దిగేది ఆ బిడ్డను కాపాడే ప్రతిరక్షకాలు.

నేను పిల్లల వార్డులో 22 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. నెలల బిడ్డ ఆయాసంతో వచ్చినప్పుడు మేము తప్పకుండా అడిగే ప్రశ్న "ఇంట్లో ఎవరికైనా జలుబు ఉందా?" అన్నది. చాలామంది తల్లులు మొదట "ఎవరికీ లేదమ్మా" అనే అనేవారు. అది అబద్ధం కాదు. ముక్కు చీదుకుంటూనే వీధిలో గోలీలాడే ఐదేళ్ల పిల్లవాడిని, పొద్దున లేవగానే నాలుగు తుమ్ములు తుమ్మి పొలానికి వెళ్లే తాతను మన ఇళ్లలో జబ్బుపడినవారిగా ఎవరూ లెక్కవేయరు. కాసేపు కూర్చోబెట్టి ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా అడిగితే, అప్పుడు "మా పెద్దోడికి వారం నుంచి కొంచెం ముక్కు కారుతోంది" అని బయటికి వస్తుంది.

ఈ వయసు బిడ్డల్లో బ్రాంకియోలైటిస్‌కు చాలా తరచుగా కారణమయ్యేది ఆర్‌ఎస్‌వి అనే వైరస్. రెండో పుట్టినరోజు నాటికి దాదాపు ప్రతి బిడ్డకూ అది ఒకసారైనా సోకుతుంది. పెద్దవాళ్లకు కూడా జీవితమంతా మళ్లీ మళ్లీ సోకుతూనే ఉంటుంది, కాకపోతే మామూలు పడిశంగా వచ్చి పోతుంది. ఒకే వైరస్ అన్నకు పడిశమూ చెల్లికి ఆయాసమూ ఎందుకవుతుందో మన వైపు వాళ్లకు చెప్పడం తేలిక. బోరు పైపులో కొంచెం పాచి పేరుకుంటే నీరు ఆగదు, అంతే పాచి డ్రిప్పు గొట్టంలో చేరితే చెట్టుకు చుక్క అందదు. నెలల బిడ్డ గాలిగొట్టాలు ఆ డ్రిప్పు గొట్టాల వంటివి. పైగా ఆ వయసులో బిడ్డ ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది కనుక, ముక్కు మూసుకుంటే పాలు తాగడం కూడా కష్టమవుతుంది.

సోకిన తరువాత లక్షణాలు కనబడడానికి సాధారణంగా 4 నుంచి 6 రోజులు పడుతుంది. ముక్కు కారడం మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ ఇతరులకు అంటగలదు. మీ సోమవారం, శుక్రవారం లెక్క దీనితో సరిపోతోంది. అంతమాత్రాన ఆ పసివాడిని ఎవరూ దోషిని చేయవద్దు.

ఇది చదివే తల్లులందరికీ మరొక మాట. బిడ్డ కదలకుండా ఉన్నప్పుడు పొట్ట ఎగిసిపడడం చూస్తూ గడియారం పెట్టుకుని ఒక పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, 2 నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆలస్యం చేయకూడదు. డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలంగా మారడం, మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోవడం, లేపినా లేవనంత మత్తు, మధ్యమధ్య ఊపిరి ఆగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. మరీ చిన్న బిడ్డల్లో ఒక్కోసారి దగ్గు కన్నా ముందు ఊపిరి ఆగడమే కనిపిస్తుంది. 3 నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే, మిగతా అంతా బాగున్నట్టు అనిపించినా, అదే రోజు వైద్యునికి చూపించాలి.

అనంత జీవశాస్త్రం (అనంతపురం):

నేను కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. నర్సమ్మ గారి మాటలకు, వైరస్ ఏ దారిన ప్రయాణిస్తుందన్న విషయంలో ఒక పాత ప్రయోగాన్ని జోడిస్తాను. ప్రతి సంవత్సరమూ విద్యార్థులకు చెప్పే ప్రయోగమిది.

అమెరికాలోని రోచెస్టర్‌లో జరిగిన ఆ పరిశోధన 1981లో ప్రచురితమైంది. ఆర్‌ఎస్‌వితో ఆసుపత్రిలో ఉన్న పసిబిడ్డల దగ్గరకు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లను మూడు జట్లుగా పంపారు. మొదటి జట్టు బిడ్డను ఎత్తుకుని, పాలు పట్టి, మామూలుగా ఇంట్లో చూసుకున్నట్టే చూసుకుంది. రెండో జట్టు, బిడ్డ అక్కడ లేని సమయంలో ఆ మంచాన్ని, బిడ్డ చీమిడి అంటిన వస్తువులను చేతులతో తాకి, తరువాత తమ ముక్కును, కళ్లను తాకింది. మూడో జట్టు మంచానికి 6 అడుగులకు మించిన దూరంలో కూర్చుంది, బిడ్డనూ వస్తువులనూ ముట్టుకోలేదు. ఎత్తుకున్న 7 మందిలో 5 మందికి, వస్తువులు తాకిన 10 మందిలో 4 గురికి వైరస్ సోకింది. దూరంగా కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ సోకలేదు.

ఇక్కడ వైరస్ బిడ్డ నుంచి పెద్దలకు వెళ్లింది, మన ఇంట్లో మనం భయపడేది ఎదురు దారి. అయినా దారి దారే. మనకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది రెండో జట్టు ఫలితమని నా అభిప్రాయం. దగ్గేవాడు బిడ్డ ముఖం మీద దగ్గకపోయినా, అసలు ఆ గదిలో లేకపోయినా, వాడి చీమిడి అంటిన గిలక్కాయనో సెల్‌ఫోన్‌నో ముట్టుకున్న చేతితో తల్లి బిడ్డ ముక్కు తుడిస్తే చాలు. గట్టి, నున్నని ఉపరితలాల మీద ఈ వైరస్ కొన్ని గంటల పాటు నిలుస్తుంది, బట్ట మీదా చేతుల మీదా అంతకన్నా చాలా తక్కువ సేపు ఉంటుంది. దీని చుట్టూ కొవ్వు పొర ఉంటుంది కనుక సబ్బుకు సులభంగా నశిస్తుంది.

పెద్దబాబు విషయానికి వస్తే, కెన్యాలోని కిలిఫీ ప్రాంతంలో గ్రామీణ కుటుంబాలను నెలల తరబడి గమనించి, ఇంట్లోకి ఆర్‌ఎస్‌వి ఎవరితో వచ్చిందో వెదికినప్పుడు, బడికి వెళ్లే అన్నలు, అక్కలే ఎక్కువగా ముందు జబ్బుపడ్డారని తేలింది. ఇంటినిండా మనుషులు, పిల్లలంతా ఒకే గదిలో పడక, బడి నుంచి వచ్చి నేరుగా ఉయ్యాల దగ్గరకు పరుగు, ఇవన్నీ మన ఊళ్లకు కొత్తవి కావు.

జేజి (కర్నూలు):

నాకు 68 ఏళ్లు. మా మనవరాలు టైపు చేసిపెడుతోంది. ఇక్కడ రాసినవన్నీ ఆ పిల్ల చదివి వినిపించింది, కొన్ని మాటలు విన్నప్పుడు గుండె కలుక్కుమంది.

మా వీధిలో ఎందరో బిడ్డలకు నేను కాళ్ల మీద పండబెట్టుకుని స్నానం చేయించాను. స్నానమైన వెంటనే ముక్కు శుభ్రం కావాలని నోటితో బిడ్డ ముక్కులోకి ఊదడం మా పెద్దవాళ్లు నాకు నేర్పారు. నాకు గొంతునొప్పి ఉన్న రోజున కూడా ఊదిన సందర్భాలు ఉన్నాయి. అది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు. ఉగ్గుగిన్నెలో పాలు వేడిగా ఉన్నాయేమోనని ముందు నా పెదవికి తగిలించుకుని చూసేదాన్ని. నా ముఖం తుడుచుకున్న కొంగుతోనే బిడ్డ మూతి తుడిచేదాన్ని. పళ్లు రాని బిడ్డకు అరటిపండు నమిలి పెట్టేదాన్ని. ఇవన్నీ ఎంగిలి దారులేనని ఈ రోజు అర్థమవుతోంది.

ఇక సాంబ్రాణి పొగ. దాని వాసన లేకపోతే పసిబిడ్డ ఉన్న ఇల్లు అనిపించదు నాకు. దానిని కూడా మానాలా నర్సమ్మా?

కోడళ్లు, కూతుళ్లకు ఒక మాట. "ముద్దు పెట్టుకోవద్దు" అని ముఖం మీద అంటే మాకు వెలివేసినట్టు ఉంటుంది. "అత్తా, చేతులు కడుక్కుని వచ్చి ఎత్తుకో, పాదాలకు ముద్దు పెట్టుకో" అని అంటే అదే పని సంతోషంగా చేస్తాము.

కడప నర్సమ్మ (కడప):

జేజీ, మీరు ఇంత నిజాయితీగా రాసినందుకు మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. ముక్కులోకి ఊదడం తప్పకుండా మానాలి. ముక్కు మూసుకుంటే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వైద్యుని సలహాతో పాలు పట్టడానికి ముందు వేస్తే సరిపోతుంది, నూనె చుక్కలు వేయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సాంబ్రాణి పొగ, పొయ్యి పొగ, బీడీ సిగరెట్ల పొగ, దోమల చుట్ట పొగ, అన్నీ బిడ్డ గాలిగొట్టాలను రేపుతాయి. అలా రేగిన గొట్టంలో వైరస్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మీకు ఆ వాసన కావాలంటే బిడ్డ లేని సమయంలో దేవుని ముందు వేసుకోండి. దగ్గుకు తేనె నాకించడం కూడా ఏడాది నిండేవరకు వద్దు, అది వేరే ప్రమాదం.

పాపాఘ్ని (వేంపల్లె):

నాకు ఈ చర్చ అతిగా అనిపిస్తోంది. మా ఉమ్మడి కుటుంబంలో 14 మంది ఉండేవాళ్లం, ఒకే గదిలో పడుకునేవాళ్లం, బిడ్డను ఎత్తుకునే ముందు ఎవరూ సబ్బు వెదకలేదు. జబ్బులు వచ్చిపోతేనే ఒంట్లో నిరోధక శక్తి పెరుగుతుందని కూడా వైద్యులే అంటారు కదా. బిడ్డను అద్దాల పెట్టెలో పెంచితే రేపు బడికి వెళ్లిననాడు మరింత జబ్బుపడదా?

జేజి (కర్నూలు):

నాయనా, మా అమ్మ 9 మందిని కని 5 మందిని దక్కించుకుంది. పోయిన నలుగురిలో ముగ్గురు ఏడాది నిండని వాళ్లు. ఒకరికి తట్టు పోసింది, ఇద్దరు ఆయాసంతోనే పోయారు. ఆ 14 మంది ఇంట్లో బతికినవాళ్లే ఈ రోజు మాట్లాడుతున్నారు.

అనంత జీవశాస్త్రం (అనంతపురం):

పాపాఘ్ని గారి ప్రశ్నలో సగం సరైనదే. జీవితంలో వైరస్‌లు ఎదురు కాక తప్పదు, ఎదురైనప్పుడు శరీరం నేర్చుకుంటుంది కూడా. ఎన్నో నెలలో ఎదురవుతాయన్నదే అసలు సంగతి. గర్భంలో ఉండగా తల్లి రక్తం నుంచి బిడ్డకు అందిన ప్రతిరక్షకాలు మొదటి నెలల్లో కొంత కాపాడి క్రమంగా తరిగిపోతాయి, బిడ్డ సొంత శక్తి ఇంకా తయారవుతూనే ఉంటుంది, గాలిగొట్టాలు కూడా ఇంకా వెడల్పు కావు. ఒకే వైరస్ రెండో నెలలో వస్తే ఆక్సిజన్ కావలసిరావచ్చు, రెండో ఏట వస్తే ముక్కు కారి పోవచ్చు. ఆ మొదటి ఆరు నెలలు వాయిదా వేయగలిగితే అదే పెద్ద లాభం.

ఫ్లూ సంగతి కూడా ఇలాంటిదే. దాని టీకా 6 నెలలు నిండిన తరువాతే బిడ్డకు వేస్తారు. అంతవరకు బిడ్డకు రక్షణ రావలసింది గర్భంలో ఉండగా తల్లి వేయించుకున్న టీకా నుంచి, ఇంట్లోని మిగతావాళ్లు వేయించుకున్న టీకా నుంచే. అది ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు కనుక వైద్యుని అడిగి కొనుక్కోవలసి ఉంటుంది.

ఆశా కార్యకర్త (ఆదోని):

చర్చంతా ముక్కు, దగ్గుల చుట్టూనే తిరుగుతోంది. విరేచనాల సంగతి కూడా చెప్పాలి, మా వీధుల్లో నేను ఎక్కువగా చూసేది అదే.

పసిపిల్లల్లో విరేచనాలకు తరచుగా కారణమయ్యే రోటా వైరస్ మలం ద్వారా చేతికి, చేతి నుంచి నోటికి వెళుతుంది. విరేచనాలు మొదలవకముందే మలంలో కనిపిస్తుంది, తగ్గిన తరువాత కూడా కొన్ని రోజులు వస్తూనే ఉంటుంది. దీనికి నోటి చుక్కల టీకా ఉంది, 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తాము. 2016లో దేశంలో మొట్టమొదట దీనిని ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి తెచ్చిన నాలుగు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పెన్నాతీరం గారూ, మీ పాపకు 6 వారాలు దాటాయి. ఆసుపత్రి హడావుడిలో ఆ టీకాలు తప్పిపోయి ఉంటే వెంటనే వేయించండి.

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. చేతులు కడుక్కోండి అని గోడ మీద రాయడం సులభం. మా వీధిలో కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు కూడా రావు, డ్రమ్ముల్లో పట్టి దాచుకుంటారు. బిడ్డ దొడ్డికి వెళితే కడిగిన చేతితోనే చెంబు పట్టుకుని డ్రమ్ములో ముంచుతారు, ఆ డ్రమ్ము నీళ్లే ఇంటిల్లిపాదీ వాడుతారు. నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మొదట అడిగేది కింద కొళాయి బిగించిన డబ్బా ఒకటి పెట్టుకోమని. పాత ప్లాస్టిక్ క్యానుకు కొళాయి బిగించినా చాలు. దాని పక్కనే దారం కట్టిన సబ్బు వేలాడదీయండి. మా వీధిలో ఒక ఇంట్లో ఆ డబ్బా ఉయ్యాల పక్కనే పెట్టారు, ఎత్తుకోవడానికి వచ్చిన చేయి ముందు దానికి తగిలే విధంగా. నాకు అది బాగా నచ్చింది.

చేతులకు రాసుకునే సానిటైజర్ ఆర్‌ఎస్‌వి, ఫ్లూ వంటి వైరస్‌లకు పనిచేస్తుంది. కాళ్లకు, చేతులకు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు అంగన్‌వాడీ పిల్లల్లో తరచుగా చూస్తాము. దాని వైరస్‌కు సానిటైజర్‌ను నమ్ముకోకూడదు, సబ్బూ నీళ్లే కావాలి. పొక్కులు మానిన తరువాత కూడా వారాల తరబడి ఆ వైరస్ మలంలో వస్తుంటుంది.

తుంగభద్ర (కర్నూలు):

మా నాన్నగారికి నడుము చుట్టూ సర్పి లేచింది. ఇంట్లో 3 నెలల మనవడు ఉన్నాడు. సర్పి అంటుజబ్బు కాదని అందరూ అంటున్నారు. బిడ్డను ఆయన ఒడిలో పడుకోబెట్టవచ్చా?

కడప నర్సమ్మ (కడప):

వద్దు. సర్పి నుంచి సర్పి అంటదు, ఆ మాట వరకు నిజమే. కానీ సర్పి, ఆటలమ్మ రెండూ ఒకే వైరస్ పని. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన మనిషిలో ఆ వైరస్ నరాల్లో దాగి ఉండి ముసలితనంలో సర్పిగా లేస్తుంది. ఆ పొక్కుల్లోని నీరు తగిలితే బిడ్డకు ఆటలమ్మ రావచ్చు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు వాటిని బట్టతో కప్పి ఉంచి, బిడ్డను ఎత్తుకోకుండా ఉంటే చాలు, వేరే ఇంటికి పంపవలసిన పని లేదు. బిడ్డ తల్లికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటే, ఈ వయసులో బిడ్డకు ఆమె నుంచి వచ్చిన రక్షణ కొంత ఉంటుంది. పోయలేదంటే మాత్రం ఈ రోజే వైద్యునికి చెప్పండి.

ఇదే సందర్భంలో ఇంకొకటి. పెదవి అంచున గుత్తులుగా నీటి పొక్కులు లేస్తాయి కదా, జ్వరం తగ్గాక వచ్చాయని మనం కొట్టిపారేస్తాము. అవి హెర్పిస్ పొక్కులు. అవి ఉన్న మనిషి నెలలోపు బిడ్డను ముద్దు పెట్టుకోవడం ప్రాణం మీదకు తెస్తుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, మేనమామ అయినా సరే, కన్నతండ్రి అయినా సరే.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి నుంచి నాకే జలుబు, ఒళ్లు వేడి. పాలు ఆపి డబ్బా పాలు పట్టమని ఇంట్లో అంటున్నారు.

కడప నర్సమ్మ (కడప):

ఆపవద్దు. మీకు జలుబు తెలిసే సమయానికి బిడ్డకు అది ఎదురై ఉంటుంది, దానికి విరుగుడుగా మీ ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలు పాల ద్వారానే బిడ్డకు చేరుతాయి. పాలు పట్టే ప్రతిసారీ చేతులు కడుక్కుని, ముక్కూ నోరూ కప్పే మాస్కు వేసుకోండి. మిగతా సమయంలో జలుబు లేని వాళ్లు ఎత్తుకుంటే మంచిది. మరీ నీరసంగా ఉంటే పాలు పిండి, ఉడికించిన గిన్నెతో, చెంచాతో వేరొకరు పట్టవచ్చు.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

నెల తరువాత రాస్తున్నాను. నా జలుబు పాపకు కొద్దిగా తగిలి, రెండు రోజులు ముక్కు మూసుకుని తగ్గిపోయింది. ఊపిరి లెక్కపెట్టాను, 40 దాటలేదు. టీకాలు వేయించాము.

నామకరణం మొన్న ఆదివారానికి ముందు ఆదివారం జరిగింది. మూయగలిగిన గది కాకుండా గాలి ఆడే వసారాలో ఉయ్యాల కట్టించాము. మా అత్తగారికి ఆ ప్రయోగంలో దూరంగా కూర్చున్న 14 మంది కథ చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు కానీ, ఆ రోజు పొద్దున్నే లేచి ఉయ్యాల చుట్టూ ఆరడుగుల దూరాన పెద్ద ముగ్గు వేసి, నలువైపులా పసుపు కుంకుమ పెట్టారు. వచ్చినవాళ్లు ముగ్గు తొక్కకూడదని వాళ్లంతట వాళ్లే బయట నిలబడి అక్షింతలు వేశారు. ఎవరికీ ఏ మాటా చెప్పవలసిన అవసరం రాలేదు. మా చిన్నాడబిడ్డ దగ్గుతో వచ్చి, వెండి మొలతాడు మా అత్తగారి చేతికి ఇచ్చి వాకిట్లోనే కూర్చుంది. భోజనాల దగ్గర కొళాయి డబ్బా పక్కన సబ్బు పట్టుకుని నిలబడింది మా పెద్దబాబే.

నిన్న సాయంత్రం వాడికి బడి నుంచి వచ్చేసరికి మళ్లీ ముక్కు కారుతోంది. చేతులు కడుక్కుని వచ్చి, చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుని, ముఖం అటు తిప్పుకుని వేళ్లు లెక్కపెడుతున్నాడు. నేను పాప పాలు తాగేటప్పుడు గమనిస్తూ, రాత్రికి రెండుసార్లు ఊపిరి లెక్కపెడుతున్నాను. ఇప్పటికి 38 ఉంది.